అడుగు తూము ఎలక్ట్రిక్ సీసం కుండ: పోతకు మేలైనది, తుక్కుకు పనికిరానిది

తుక్కు సీసాన్ని ఇంటి దగ్గరే కరిగించి దిమ్మలుగా పోసుకోవడం, ఆ దిమ్మలతో తీరిక ఉన్నప్పుడు తుపాకీ గుండ్లు పోసుకోవడం ఆరేళ్లుగా నాకు అలవాటైన పని. మొదటి మూడేళ్లు గ్యాసు పొయ్యి మీద పోత ఇనుప చట్టి పెట్టి, గరిటతో అచ్చుల్లో పోస్తూ వచ్చాను. ఆ తర్వాత సుమారు తొమ్మిది కిలోల సీసం పట్టే, అడుగున తూము ఉన్న ఎలక్ట్రిక్ కుండ కొన్నాను. దాని వాడకం కూడా ఇప్పటికి మూడేళ్లు నిండింది. తుక్కు కరిగించి శుద్ధి చేయడానికీ, గుండ్లు పోయడానికీ ఈ ఒక్క కుండే చాలునని దానితో వచ్చిన కరపత్రం చెబుతుంది. రెండో మాట అక్షరాలా నిజం. మొదటి మాటను నమ్మి నేను ఒక మంచి కుండను దాదాపు పాడు చేసుకున్నాను కాబట్టి, కొనబోయేవారు అదే పొరపాటు చేయకూడదన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

కుండ నిర్మాణం సులువుగా అర్థమయ్యేదే. మందపాటి ఉక్కు గిన్నె, దాని చుట్టూ 700 వాట్ల హీటింగ్ కాయిల్, కాయిల్ మీద రేకు తొడుగు, పక్కన వేడిని పెంచి తగ్గించే థర్మోస్టాట్ మర ఉంటాయి. గిన్నెలో పైనుంచి కిందికి ఒక ఉక్కు కడ్డీ దిగుతుంది. దాని మొన అడుగున ఉన్న రంధ్రంలో కూర్చుని తూమును మూసి ఉంచుతుంది. మీటను ఎత్తితే కడ్డీ కొద్దిగా లేచి, సన్నని సీసపు ధార నేరుగా కింద పెట్టిన అచ్చులోకి దిగుతుంది. ధార అడుగునుంచి వస్తుంది కాబట్టి పైన తేలే తెట్టు అచ్చులోకి చేరదు. గరిటతో పోసే రోజుల్లో ప్రతిసారీ తెట్టును పక్కకు నెట్టి, గరిట ముంచి, చల్లారక ముందే పోయవలసి వచ్చేది. ఆ శ్రమ ఇక్కడ పూర్తిగా తప్పింది. గంటకు ఎన్ని గుండ్లు దిగాయన్న లెక్క కన్నా అవి బరువులో ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే నాకు ముఖ్యం. ఆ విషయంలో గరిటతో నాకు ఎన్నడూ రాని నిలకడ ఈ కుండతో మొదటి వారంలోనే వచ్చింది.

ఎంతసేపటికి కరుగుతుందన్నది కొనేవారికి సహజంగా వచ్చే సందేహం. సీసం 327.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాన్ని వేడెక్కించడానికి కావలసిన వేడి (విశిష్టోష్ణం) చాలా తక్కువ, వేడెక్కాక కరిగించడానికి కావలసిన గుప్తోష్ణం కూడా కిలోకు 23 కిలోజౌళ్లే. తొమ్మిది కిలోల సీసాన్ని గది వేడిమి నుంచి 370 డిగ్రీలకు తేవడానికి దాదాపు 600 కిలోజౌళ్లు చాలు. వేడి ఎటూ పోకుండా ఉంటే 700 వాట్ల కుండకు అది పదిహేను నిమిషాల పని. గోడల నుంచీ పై ముఖం నుంచీ వేడి పోతూనే ఉంటుంది కాబట్టి నా కుండకు ఇరవై అయిదు నిమిషాల దాకా పడుతుంది. ఈ పరిమాణానికి అది సబబైన వేగమే.

థర్మోస్టాట్ మర మీద 1 నుంచి 9 దాకా అంకెలున్నాయి గానీ, అవి డిగ్రీలు కావు, డిగ్రీలకు కొలమానం కూడా కావు. మరను ఒకే అంకె మీద ఉంచినా, కుండ నిండుగా ఉన్నప్పుడు ఒక వేడిమి, మూడో వంతుకు దిగినప్పుడు అంతకన్నా ఎక్కువ వేడిమి వస్తుంది. కరిగిన సీసం వేడిని కొలిచే పొడవాటి కాడ థర్మామీటరును లోపలికి దించి చూడకుండా మర మీది అంకెను నమ్ముకోవడం తగదు. ఈ థర్మామీటరు కుండతో రాదు, విడిగా కొనుక్కోవాలి. కుండ కొనే రోజునే దాన్ని కూడా కొనమని గట్టిగా చెబుతాను, ఎందుకంటే తగరం కలిసిన మిశ్రమాన్ని 400 డిగ్రీలు దాటించి ఉంచితే తగరం గాలితో కలిసి తెట్టుగా మారిపోతుంది, గుండు అచ్చు మూలల దాకా చక్కగా నిండడానికి తోడ్పడేది ఆ తగరమే. మెత్తని స్వచ్ఛమైన సీసమైతే వేడి హద్దు మీరిన సంగతి కంటికే తెలుస్తుంది. తెట్టు తీసిన అద్దం లాంటి ముఖం మీద క్షణాల్లో బంగారు రంగు, దాని వెనకే ఊదా, నీలం పొరలు పాకుతాయి. చూడడానికి నెమలి కంఠంలా ఎంతో అందంగా ఉంటుంది; ఆ రంగులు కనిపించగానే నేను మరను తగ్గిస్తాను.

ఇక అసలు లోపం. కుండ కొత్తలో కరపత్రం చెప్పినట్టే చక్రాలకు వాడే పాత బ్యాలెన్సింగ్ బరువులను, గ్రీజు, మట్టి, ఇనుప క్లిప్పులతో సహా నేరుగా ఇందులో వేసి కరిగించాను. క్లిప్పులు తేలాయి, తీసేశాను. తెట్టు తీశాను. మొదటి రోజు దిమ్మలు బాగానే వచ్చాయి. రెండో రోజు మీట దించినా తూము పూర్తిగా మూసుకోలేదు. ఒక చుక్క, కొన్ని క్షణాలాగి మరో చుక్క చొప్పున పడుతూ, పావుగంటలో తూము కింద వేలెడు ఎత్తు సీసపు మేకు నిలబడింది. కడ్డీ తలకున్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి అటూ ఇటూ తిప్పితే కాసేపు ఆగేది, మళ్లీ మొదలయ్యేది. నాలుగో రోజుకు ఇది తలకిందులైంది: మీట పూర్తిగా ఎత్తినా ధార దారప్పోగంత సన్నబడి, చివరికి ఆగిపోయింది. గిన్నె ఖాళీ చేసి, చల్లార్చి చూస్తే అడుగంతా నల్లటి గరుకు పొర పట్టి ఉంది, తూములో ఇసుక రేణువులూ మసీ కలిసి బిరడాలా బిగుసుకుని ఉన్నాయి.

మట్టి సీసం కన్నా ఎంతో తేలిక కదా, పైకి తేలకుండా అడుగుకు ఎలా చేరిందని నేను చాలా రోజులు ఆలోచించాను. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, దానిలో ఇసుకైనా మసైనా మునగవు. అయితే తుక్కు ముక్కలతో పాటు అడుగుకు వెళ్లిన మురికి, కరిగిన లోహం ఒత్తిడికి గోడకూ అడుగుకూ అదుముకుని అంటిపోతుంది. దాని కిందికి సీసం చొరబడదు కాబట్టి పైకి నెట్టే బలమూ ఉండదు. గరిటతో గోడలను గీకినప్పుడు మాత్రమే అది ఊడి తేలుతుంది. ఈ కుండలో కడ్డీ, దాని కింద తూము అడ్డంగా ఉన్నందున గరిట అన్ని వైపులకూ ఆడదు. లోపం ఉక్కు నాణ్యతలోనో కూర్పులోనో కాదు. సన్నని తూము ఉన్న ఏ కుండకైనా ఇదే గతి పడుతుంది. అది తెలిసి ఉండవలసిన తయారీదారు 'తుక్కుకూ పనికొస్తుంది' అని రాయడమే నాకు అభ్యంతరం.

అందువల్ల తుక్కు పనిని తిరిగి పాత పోత ఇనుప చట్టికే అప్పగించాను. తూములు లేని, వెడల్పు నోరున్న, మందమైన పాత్ర ఏదైనా సరిపోతుంది, అది పోత ఇనుముదో మందపాటి ఉక్కుదో అయితే చాలు. అల్యూమినియం గిన్నెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. అల్యూమినియం 660 డిగ్రీల దాకా కరగదు నిజమే గానీ, సీసం కరిగే వేడిలో దాని బలం సన్నగిల్లిపోతుంది. మంట నేరుగా తగిలే చోట అంత బరువుకు అడుగు ఊడిపోతే కరిగిన సీసమంతా పొయ్యి మీదికీ కాళ్ల మీదికీ వస్తుంది. పొయ్యి కూడా వెడల్పైన గట్టి కాళ్లతో, నేలకు దగ్గరగా ఉండాలి. చట్టి చిన్నగా కనిపించినా నిండితే దాని బరువు చేత్తో కదిపేది కాదు.

చట్టిలో వేయడానికి ముందు తుక్కును ఏరడానికి ఎంత సమయం పెడితే తర్వాత అంత ప్రశాంతత. పాత సీసపు నీటి గొట్టాలు, పైకప్పు సీసపు రేకులు, ఎక్స్‌రే గదుల గోడల్లోని సీసపు రేకులు దాదాపు స్వచ్ఛమైన మెత్తని సీసం. గోటితో గీస్తే గీత పడుతుంది, నేల మీద పడేస్తే మోగకుండా ధబ్బుమంటుంది. ముందు నుంచి మందు దట్టించే పాత తరహా తుపాకుల గుండ్లకు ఇదే కావాలి. క్లిప్పులున్న చక్రాల బరువుల్లో సీసాన్ని గట్టిపరిచే యాంటిమొనీ కొద్దిపాటి, తగరం అతి కొద్దిగా ఉంటాయి. లోహం ఎంత గట్టిదో చెప్పే బ్రినెల్ కాఠిన్యం స్వచ్ఛమైన సీసానికి 5 దగ్గర ఉంటే వీటిది 9 నుంచి 12 దాకా ఉంటుంది. పాత ముద్రణ యంత్రాల్లో అక్షరాలు పోయడానికి వాడిన లైనోటైప్ లోహం దొరికితే అది నిధే: 84 శాతం సీసం, 12 శాతం యాంటిమొనీ, 4 శాతం తగరంతో, 240 డిగ్రీల దగ్గరే కరిగి, 22 దాకా కాఠిన్యం ఇస్తుంది. దాన్ని విడిగా దిమ్మలు పోసి, మెత్తని సీసాన్ని గట్టిపరచడానికి కొంచెం కొంచెం కలుపుకోవాలే గానీ మామూలు తుక్కులో పడేసి వృథా చేయకూడదు.

చక్రాల బరువుల్లో ఇప్పుడు పెద్ద బెడద జింకు. యూరోపియన్ యూనియన్ 2005 జూలై నుంచి, కాలిఫోర్నియా 2010 నుంచి సీసపు బరువులను నిషేధించాక వాటి స్థానంలో ఉక్కు, జింకు బరువులు వచ్చాయి, పాత డబ్బాల్లో అన్నీ కలిసే దొరుకుతున్నాయి. ఉక్కును అయస్కాంతం పట్టిస్తుంది. జింకును పట్టించేది కటింగ్ ప్లయర్: సీసాన్ని నొక్కితే వెన్నలా దిగుతుంది, జింకు మీద పళ్లు జారతాయి. ఎంత ఏరినా ఒకటీ అరా తప్పించుకుంటాయి. అక్కడే థర్మామీటరు ఆదుకుంటుంది. జింకు 419.5 డిగ్రీల దాకా కరగదు, సీసం కన్నా తేలిక కూడా. చట్టిని 370 డిగ్రీలు దాటనివ్వకుండా, తేలినదాన్ని తేలినట్టే చిల్లుల గరిటతో వెంటనే తీసేస్తే పీడ విరగడవుతుంది. నిర్లక్ష్యం చేసి కరగనిస్తే ఆ చట్టెడు సీసమూ గంజి కాచినట్టు చిక్కబడి, అచ్చుల్లో మూలలకు పారదు. కార్ల బ్యాటరీల జోలికి మాత్రం వెళ్లకూడదు. వాటిలో ఆమ్లం ఉంటుంది. కాల్షియం, ఆర్సెనిక్, యాంటిమొనీ కలిసిన వాటి పలకల మడ్డికి తడి తగిలితే ఆర్సైన్, స్టిబైన్ అనే ప్రాణాంతక వాయువులు పుట్టగలవు. పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే కేంద్రానికి అప్పగించడమే ఇంట్లో పనిచేసేవారికి ఉన్న ఒకే మార్గం.

కరపత్రంలో తడి గురించి ఒక్క వాక్యం ఉంది, అది చాలదు. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. సీసం ఉపరితలం మీద పడిన చెమట బొట్టు చిటపటలాడి పోతుంది, సీసం కిందికి చేరిన బొట్టు మాత్రం చట్టెడు లోహాన్ని పైకి ఎగజిమ్ముతుంది. రెండేళ్ల కిందట రాత్రంతా బయట ఉండిపోయిన గరిటను, పొడిగానే కనిపిస్తోంది కదా అని, నేను నేరుగా ముంచాను. చెవి పక్కన టపాకాయ పేలినట్టయింది. తేరుకుని చూసేసరికి నా ముఖ కవచం మీద వెండి తుంపరలు గడ్డకట్టి ఉన్నాయి, వాటిలో రెండు సరిగ్గా కుడి కంటికి ఎదురుగా ఉన్నాయి. ఆ కవచాన్ని పారేయకుండా పొయ్యికి ఎదురుగా గోడకు తగిలించి ఉంచాను. అప్పటి నుంచి గరిటనూ దిమ్మల అచ్చులనూ పొయ్యి అంచున వేడి చేయకుండా వాడను. తుక్కునంతా చల్లని చట్టిలోనే నింపి, దానితో పాటే వేడెక్కనిస్తాను. మధ్యలో ఇంకా వేయవలసి వస్తే మంట ఆపి, లోహం గడ్డకట్టాక వేస్తాను. షూటింగ్ రేంజి మట్టిలో ఏరిన పాత గుండ్ల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. రాగి తొడుగు లోపల నీరు దాగి ఉండవచ్చు, గుండ్ల మధ్య పేలని తూటా ఒకటి కలిసి ఉన్నా ప్రమాదమే, కాబట్టి ఒక్కొక్కటీ చేత్తో చూసి వేయాలి.

కరిగిన తర్వాత ఫ్లక్స్, అంటే తెట్టు నుంచి లోహాన్ని విడదీసే పదార్థం, వేసే ఘట్టం ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. గుప్పెడు పొడి రంపపు పొట్టు, గోళీకాయంత తేనెమైనం చాలు. మైనం పొగ ఉన్నట్టుండి భగ్గుమంటుంది కాబట్టి నేనే పొడవాటి అగ్గిపుల్లతో ముందుగా అంటిస్తాను. పొగ తగ్గుతుంది, మంట ఎప్పుడు లేస్తుందోనన్న భయమూ పోతుంది. పొట్టు నల్లబడి బొగ్గవుతుండగా గరిటతో అడుగు దాకా గీకుతూ కలుపుతుంటే, అప్పటిదాకా బూడిద రంగు ముద్దగా ఉన్న తెట్టు విడిపోయి, దానిలో చిక్కుకున్న లోహం చుక్కలు చుక్కలుగా జారి కలిసిపోతుంది, పైన పొడి నల్ల పొడుం మాత్రం మిగులుతుంది. దాన్ని పక్కకు జరపగానే కింద ముఖం చూసుకునేంత మెరుపు. బొగ్గు తగరపు ఆక్సైడులోని ప్రాణవాయువును లాక్కుని తగరాన్ని మళ్లీ లోహంగా మిశ్రమంలోకి చేరుస్తుంది, అందుకే ఫ్లక్స్ వేయకముందే తెట్టు తీసి పారేస్తే విలువైన తగరాన్ని పారబోసుకున్నట్టే. ఎలక్ట్రిక్ కుండలో ఇదే పని చేసినప్పుడు కడ్డీ అడ్డం రావడంతో సగం మెరుపు కూడా నాకు రాలేదు.

కుండతో కలిపి ఇచ్చే నాలుగు గదుల అల్యూమినియం దిమ్మల అచ్చు నాకు బాగా నచ్చింది. గోడలు ఏటవాలుగా ఉండడం వల్ల బోర్లించి తడితే దిమ్మ తేలిగ్గా ఊడి పడుతుంది, ఆ దిమ్మలు ఎలక్ట్రిక్ కుండ నోట్లో ఇబ్బంది లేకుండా పడతాయి. తగరపు పూత ఉన్న రేకు అచ్చులకు సీసం మాటు వేసినట్టు అతుక్కుంటుంది, అవి వద్దు. ప్రతి దిమ్మ మీదా అది ఏ తుక్కు నుంచి వచ్చిందో తెలిసేలా ఉక్కు ముద్రతో ఒక అక్షరం కొట్టుకోవడం అవసరం. ఆరు నెలల తర్వాత అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి.

సీసం విషం గురించి కరపత్రం పాటించిన మౌనాన్ని నేను క్షమించలేకపోతున్నాను. రక్తంలో సీసం ఇంత దాకా ఉన్నా ప్రమాదం లేదని చెప్పగల పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. పిల్లల మెదడుకు అది చేసే చేటు పెద్దలకు చేసే దాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. చాలామంది కరిగిన సీసం ఆవిరిని చూసి భయపడతారు. 370 డిగ్రీల దగ్గర ఆవిరి తక్కువే, అసలు ముప్పు తెట్టు పొడుంలో ఉంది. కంటికి ఆనని ఆ ఆక్సైడు ధూళి చేతులకు, బట్టలకు, చెప్పులకు పట్టి ఇంట్లోకి వస్తుంది, అక్కడినుంచి నోటికి చేరుతుంది. రక్తంలో చేరిన సీసం తగ్గడానికి వారాలు, నెలలు పడతాయి; ఎముకల్లో చేరినది దశాబ్దాల పాటు ఉండిపోతుంది. ఈ పని ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి కాకుండా పక్క నుంచి వీచేలా నిలబడి చేయాలి. వంటగదిలో గానీ వంట పాత్రలతో గానీ ఎన్నటికీ చేయకూడదు. లోహపు ధూళిని ఆపే పీ 100 మాస్కు, తోలు చేతి తొడుగులు, ముఖ కవచం, పాదాలను కప్పే తోలు బూట్లు, నూలు బట్టలు ఉండాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి, పని జరిగే చోట తినడం, తాగడం ఉండకూడదు. తెట్టును చీపురుతో ఊడ్చకూడదు. తడిగుడ్డతో తీసి, మూత బిగించిన ఇనుప డబ్బాలో ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. క్రమం తప్పక ఈ పని చేసేవారు ఏడాదికొకసారైనా రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. నేను చేయించుకుంటున్నాను. పసిపిల్లలో గర్భిణులో ఉన్న ఇంట్లో అయితే ఈ కుండ కొనవద్దనే చెబుతాను.

తూమును సన్నని డ్రిల్ ముక్కతో శుభ్రం చేసి, కడ్డీ మొననూ అది కూర్చునే రంధ్రాన్నీ వాల్వులు నూరే పేస్టుతో ఒకదానికొకటి నూరి బిగించాక, కుండలో ముద్ర కొట్టిన శుభ్రమైన దిమ్మలు తప్ప మరేమీ వేయలేదు. ఆ రోజు నుంచి చుక్క కారడం ఒక్కసారి కూడా అచ్చు మార్చుకునేంతగా ఇబ్బంది పెట్టలేదు, కడ్డీ మీద చిన్న బరువు వేలాడదీయడంతో ఆ కాస్తా పోయింది. పని ముగిశాక గిన్నెను పూర్తిగా ఖాళీ చేయకుండా రెండు వేళ్ల మందాన సీసం వదిలేస్తున్నాను. మర్నాడు ఆ సీసం గోడలను అంటుకుని త్వరగా కరుగుతుంది, పైన వేసిన దిమ్మలకు వేడిని అందిస్తుంది, గిన్నె అడుగుకు తుప్పు పట్టదు. గ్యాసు చట్టి దగ్గర ఏడాదికి రెండు మూడు రోజులు గట్టిగా కూర్చుని తుక్కంతా దిమ్మలు చేసుకుంటే, మిగతా ఏడాదంతా ఈ కుండకు ఆ దిమ్మలే సరిపోతున్నాయి.